బొచ్చె చేపల చీకటి గది

చేప నిద్రపోతుందా అని నన్ను అడగని చుట్టం లేడు. కలకత్తాలో ముప్పై ఏళ్ళకు పైగా చేప తలలో ఉండే ఒక గ్రంథి మీద పనిచేశానని చెబితే ముందు నవ్వుతారు, తర్వాత ఇదే ప్రశ్న వేస్తారు. నేనూ నవ్వేసి మాట మార్చేదాన్ని. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను, మాట మార్చాల్సిన తొందరేం లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు, ముఖ్యంగా మన తెలుగు పిల్లలకు, ఆ పని నిజంగా ఎలా ఉంటుందో రాసి పెడుతున్నాను. నా తెలుగు కలకత్తా రేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్‌లో, ఆదివారం బడిలో నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకోండి.

నాకొచ్చిన హోదాలూ నేను తిరిగిన సభలూ ఇందులో ఉండవు. అవి చదివితే మీకు నిద్రొస్తుంది, రాస్తే నాకు సిగ్గేస్తుంది. ఒక టార్చిలైటు, దానికి చుట్టిన ఒక ఎర్రగుడ్డ, ఒక మనిషి గురించి చెబుతాను. ఆ మనిషి ఉద్యోగం నేను రాసిన రెండు వాక్యాల వల్ల పోయింది.

నువ్వుగింజంత గ్రంథి

బొచ్చె చేపని బెంగాలీలు కాత్లా అంటారు. దాని తల పైన ఎముక పలచగా ఉన్నచోట, లోపల, నువ్వుగింజంత గ్రంథి ఒకటి సన్నటి కాడకు అంటుకుని ఉంటుంది. దాన్ని పీనియల్ అంటారు. మనుషులకూ ఉంది గానీ మనదానికి చూపు లేదు. కంటికి వెలుతురు తగిలి, ఆ కబురు నరాల మీదుగా చుట్టూ తిరిగి చేరితేగానీ అది పగలో రాత్రో దానికి తెలియదు. చేప గ్రంథి అలా కాదు. అందులోని కణాలే నేరుగా వెలుతురుని పసిగడతాయి. గ్రంథిని బయటికి తీసి గాజుగిన్నెలో పోషక ద్రవం పోసి పెట్టినా, చీకటి చేస్తే మెలటోనిన్ తయారుచేస్తుంది, దీపం వేస్తే మానేస్తుంది. రాత్రి ఎంత పొడుగుందో, ఏ కాలం నడుస్తోందో ఆ మెలటోనిన్‌ని బట్టి చేప ఒంటికి తెలుస్తుంది. గుడ్లు కట్టడం దాకా దాని ప్రభావం ఉంది కాబట్టి చేపల పెంపకం వాళ్ళకీ దీనితో పని ఉంది.

లోపల జరిగేది ఇది. చీకట్లో ఆ కణంలోకి కాల్షియం వస్తూ ఉంటుంది. సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. ఆ రెండూ నిండుగా ఉన్నంతసేపు మెలటోనిన్ తయారుచేసే ఎంజైమ్ నిలబడి పనిచేస్తుంది. వెలుతురు పడగానే రెండూ తగ్గిపోతాయి, నిలబెట్టేవాళ్ళు లేక ఆ ఎంజైమ్‌ని కణమే ముక్కలు చేసి పారేస్తుంది. పోవడానికి నిమిషాలు చాలు, మళ్ళీ కూడబెట్టుకోవాలంటే గంటలు పడుతుంది. ఈ ముక్కలు చేసే సంగతి చాలా ఏళ్ళ తర్వాత గానీ తేలలేదు. నేను పనిలో చేరినప్పుడు మాకు తెలిసిందల్లా, చీకటి గదిలో పొరపాటున వెలుతురు పడితే ఆ రోజు పడ్డ కష్టమంతా మట్టిపాలేనని.

మధ్యాహ్నం మూడింటికి అర్ధరాత్రి

మా ప్రయోగశాల దక్షిణ కలకత్తాలో ఒక పాత కాలేజీ భవనం కింది అంతస్తులో ఉండేది. ఎనభైల్లో మాట. నా పరిశోధనకు గైడుగా ఉన్న ప్రొఫెసర్ని అక్కడి పద్ధతిలో మాస్టర్‌మశాయ్ అని పిలిచేవాళ్ళం. పనిలో రాక్షసుడు, మాటలో పొదుపు. మెచ్చుకోవాల్సి వస్తే కళ్ళజోడు తుడుచుకునేవారు, అంతే.

చీకటిపడ్డాక ఆడపిల్లలు ల్యాబ్‌లో ఉండకూడదని కాలేజీ నియమం. మెలటోనిన్ తయారయ్యేదేమో రాత్రి. అందుకని మాస్టర్‌మశాయ్ నియమం జోలికి పోకుండా చేపల రోజునే తలకిందులు చేశారు. వెనక గది కిటికీలకు నల్లకాగితం అంటించి సందుల్లో తారు పూయించారు. తొట్ల మీద దీపాలు రాత్రంతా వెలిగి పొద్దున తొమ్మిదింటికి ఆరిపోయేవి. ఆ చేపల లెక్కలో మధ్యాహ్నం మూడింటికి అర్ధరాత్రి. బయట కాంటీన్‌లో టీ గ్లాసుల చప్పుడు వినపడుతుంటే, లోపల నేను టార్చికి రెండు మడతల ఎర్రగుడ్డ చుట్టి, ఆ మసక ఎరుపులో గ్రంథులు తీసేదాన్ని. ఎరుపు చేపకి బొత్తిగా కనపడదని కాదు. మిగతా రంగులకన్నా తక్కువ చెరుపు చేస్తుంది. ఎర్ర బల్బు పెట్టుకోవచ్చు గదా అంటారేమో, లోడ్‌షెడ్డింగ్ రోజులవి. కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు, టార్చినే నమ్ముకోవాలి.

ఆ గదికి కాపలా దానియేలు బాబాయి. ఆయనది శ్రీకాకుళం వైపు, మా నాన్నది కూడా అదే. ఇద్దరూ రేవులో ఒకే ముఠాలో కూలీలుగా పనిచేశారు. మూట మీదపడి బాబాయి భుజం దెబ్బతిన్నాక బరువులు ఎత్తలేకపోయాడు. నేనే మాస్టర్‌మశాయ్‌ని అడిగి ఆయన్ని రోజుకూలీ మీద ల్యాబ్‌లో పెట్టించాను. అక్షరం ముక్క రాదు. అయినా కరెంటు పోయినప్పుడూ వచ్చినప్పుడూ నోటుపుస్తకంలో గుండ్రంగా గడియారం బొమ్మ గీసి, రెండు ముళ్ళూ ఎక్కడున్నాయో అచ్చంగా గీసి పెట్టేవాడు. నా చేత్తో రాసిన వేళలకన్నా ఆ బొమ్మల్నే నేను నమ్మేదాన్ని. కరెంటు పోతే తొట్లకి గాలి కొట్టే పంపు ఆగిపోయేది, చేపలు ఊపిరాడక పైకి తేలేవి. బాబాయి దీపం వెలిగించకుండా ఆ చీకట్లోనే ఒక తొట్టి తర్వాత ఒకటి గాలి కలిసేలా మగ్గుతో నీళ్ళు ఎత్తి పోస్తూ తిరిగేవాడు.

చీకట్లో దారెలా తెలుస్తుందంటే ఆయనకో అలవాటుంది. లోపలికి వెళ్ళే ముందు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని కాసేపు కళ్ళు మూసుకునేవాడు. ఎండలోంచి ఓడ అడుగున సరుకు గదిలోకి దిగే కూలీలంతా నిచ్చెన మీద కాలు పెట్టే ముందు చేసే పని అది. కళ్ళు చీకటికి అలవాటు పడకపోతే కాలు జారి కింద పడతారు. మా నాన్నా అలాగే చేసేవాడు. చిన్నప్పుడు అన్నం కారియర్ పట్టుకుని వెళ్ళి నేను కళ్ళారా చూశాను. ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే నేను మరిచిపోయినట్టు నటించింది దీన్నే.

నాలుగేళ్ళు ఇలా గడిచాయి. రోజుకూలీల్ని పర్మనెంట్ చేసే జాబితా తయారవుతోందని, అందులో తన పేరుందని కాలేజీ యూనియన్ నాయకుడు శ్యామల్‌దా చెప్పినప్పుడు బాబాయి మా ఇంటికొచ్చి ప్రార్థన పెట్టించాడు. ఆయనకి ఇక ఎక్కడా బరువు పని దొరకదు. ఆ జాబితా తప్పితే ఆ ఇంటికి ఆధారం లేదు. ఆ సంగతి నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

పూజకు ముందు రోజు

విశ్వకర్మ పూజ వస్తే కలకత్తాలో కార్ఖానాలే కాదు, ప్రయోగశాలలు కూడా కడిగి పెడతారు. కత్తెరలు, త్రాసులు, సూక్ష్మదర్శినులు అన్నీ తుడిచి విగ్రహం ముందు పేరుస్తారు. మేం క్రైస్తవులమైనా కడగడంలో ముందుండేవాళ్ళం, కిచిడీ తినడంలో ఇంకా ముందు. ఆ ఏడాది పూజకు ముందు రోజు నేను నా పనిముట్లన్నీ కడిగాను. టార్చి గుడ్డ చేపవాసన కొడుతోంది. బకెట్లో సోడా పొడి కలిపి దాన్నీ ఉతికేశాను.

నీళ్ళు ఎర్రగా మారాయి. నా అరచేతులు కూడా ఎర్రబడ్డాయి. అది బెంగాల్లో సాలు అనే చవకరకం ఎర్ర నూలుగుడ్డ, రంగు నిలవదు. చూశాను, చేతులు కడుక్కున్నాను, గుడ్డ ఆరేశాను. అది ఆరాక కూడా ఎర్రగానే ఉందనిపించింది. ఎంత వెలిసిందో చీకట్లో తెలియదు, ఎంత వెలుతురు దాటిపోతోందో అసలే తెలియదు.

పూజ అయ్యాక నా థీసిస్ చివరి అధ్యాయానికి కావాల్సిన ప్రయోగాలు మొదలుపెట్టాను. రాత్రి గ్రంథుల్లో మెలటోనిన్ పగటి గ్రంథుల్లో కన్నా ఎన్నో రెట్లుండాలి. రెండూ దాదాపు సమానంగా వచ్చాయి. మళ్ళీ చేశాను, అంతే వచ్చింది. మూడోసారి కూడా అదే. మాస్టర్‌మశాయ్ ఆ అంకెలు చూసి కళ్ళజోడు తుడుచుకోలేదు, తీసి బల్ల మీద పెట్టారు.

"గదిలోకి వెలుతురు వస్తోంది. తలుపు దగ్గర ఎవరుంటున్నారు?" అన్నారు.

రెండు వాక్యాలు

మర్నాడు మాస్టర్‌మశాయ్ చెప్పా పెట్టకుండా వెనక గది దగ్గరికి వచ్చారు. స్టూలు మీద బాబాయి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మాస్టర్‌మశాయ్ అటునుంచటే తిరిగొచ్చి నన్ను తన గదిలోకి పిలిచారు.

"అతను పడుకుంటున్నాడు. కాపలా లేని తలుపు ఎవరో తీస్తున్నారు. నువ్వు అతన్ని కళ్ళు మూసుకుని ఉండగా చూశావా, లేదా?"

"చూశాను మాస్టర్‌మశాయ్."

"అయితే అదే రాసివ్వు."

నోరు తెరిస్తే అయిపోయేది. అది రేవు కూలీల అలవాటు, నిద్ర కాదు అని ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. బాబాయి తప్పు కాకపోతే తప్పు ఎవరిదని ఆయన అడుగుతారు. ఆ గదిలోకి వెళ్ళే రెండో మనిషిని నేనే. థీసిస్ ఆగిపోతుందనీ, వేలు నావైపు తిరుగుతుందనీ భయపడ్డాను. విధి నిర్వహణలో దానియేలు కళ్ళు మూసుకుని ఉండగా చూశానని ఒక వాక్యం, ఆ అజాగ్రత్త వల్ల ప్రయోగాలు చెడి ఉండవచ్చని ఇంకో వాక్యం రాసి సంతకం పెట్టాను. మొదటి వాక్యం నిజం. దాన్ని రాసిన పద్ధతి మాత్రం పచ్చి అబద్ధం.

బాబాయి శ్యామల్‌దా దగ్గరికి పరుగెత్తాడు. ఆయన ఆఫీసుకెళ్ళి కాగితం చూసి వచ్చి, "దాదా, మాస్టర్ ఒక్కడే రాసుంటే పోట్లాడేవాణ్ణి. మీవాళ్ళ అమ్మాయే రాసిచ్చింది, నేనేం చెయ్యను?" అన్నాడట. జాబితాలో బాబాయి పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాశారు. నెలాఖరుకి ఆయన్ని రావద్దన్నారు. వెళ్ళేటప్పుడు నోటుపుస్తకం నా బల్ల మీద పెట్టి, "మూడో తొట్టి పంపు సన్నంగా కొడతన్నాది, సూసుకో పాపా" అన్నాడు. నన్ను ఇంకేమీ అడగలేదు. అడిగుంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

గురక పెట్టే కాపలా

కొత్తగా వచ్చిన మనిషి నిజంగానే పడుకునేవాడు. మామూలుగా కాదు, గురక పెట్టి మరీ. అంకెలు మాత్రం మారలేదు, రాత్రీ పగలూ ఒక్కలాగే వచ్చాయి. అప్పటికైనా నాకు అనుమానం రావాలి. రాలేదంటే అది తెలివితక్కువ అనుకోకండి. ఆ దారిన ఆలోచిస్తే చివర ఏం దొరుకుతుందో ఎక్కడో తెలుసు గనకే ఆలోచించలేదు.

ఒక రోజు టార్చి గుడ్డ తొట్టి అంచుకి చిక్కుకుని చిరిగింది. బజారు నుంచి కొత్త ఎర్రగుడ్డ తెచ్చి రెండు మడతలు చుట్టాను. ఆ వారం రాత్రి గ్రంథుల్లో మెలటోనిన్ ఉండాల్సినంత ఉంది. గుమ్మం దగ్గర కొత్తాయన గురక అలాగే వినపడుతోంది. పాత గుడ్డని చెత్తబుట్టలోంచి తీసి టార్చికి చుట్టి దినపత్రిక మీద వెలిగించాను. చిన్న అక్షరాలు కూడా చదవగలిగాను. కొత్త గుడ్డతో పెద్ద శీర్షికలు తప్ప ఏమీ చదవలేకపోయాను. అప్పుడు కూర్చుండిపోయాను. బకెట్లో ఎర్రనీళ్ళు గుర్తొచ్చాయి.

అయినా పరిశోధన చేసేదాన్ని కాబట్టి అదీ పరీక్షించాను. చీకట్లో ఉన్న గ్రంథుల్లో సగానికి పాత గుడ్డ వెలుతురు కొద్ది నిమిషాలు చూపించాను, సగానికి చూపించలేదు. చూపించినవాటిలో మెలటోనిన్ పడిపోయింది. సైక్లిక్ ఏఎంపీని పెంచే మందు ముందే వేసిన గ్రంథుల్లో అంతగా పడలేదు. అంటే వెలుతురు దెబ్బకొడుతున్నది ఆ మెట్టు దగ్గరే. మాస్టర్‌మశాయ్ కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నారు. నా థీసిస్‌లో జనం ఇప్పటికీ గుర్తుపెట్టుకునే అధ్యాయం అదే. అది ఒక మనిషి అన్నం మీద నిలబడిందని అందులో ఎక్కడా లేదు.

"దానియేలు తప్పు లేదు మాస్టర్‌మశాయ్. గుడ్డ ఉతికింది నేను. ఆయన కళ్ళెందుకు మూసుకునేవాడో కూడా నాకు ముందే తెలుసు" అన్నాను.

ఆయన నా అంకెల కాగితాలు దొంతరగా సర్దారు. తర్వాత, "ఆ ఫైలు మూసేశారు కరుణా. పరిశోధన పత్రం రాయడం మొదలుపెట్టు" అన్నారు. దుర్మార్గుడు కాదాయన. తన పొరపాటుకన్నా తన పని పెద్దదనుకునే మనిషి. అలాంటివాళ్ళ దగ్గర మీరూ పనిచేస్తారు. వాళ్ళు కాగితం అడిగినప్పుడు ఇవ్వకండి, ఒక రోజు గడువు అడగండి. ఇరవై నాలుగు గంటలు ఆగి ఉంటే నేను రాసేదాన్ని కాదని ఇప్పటికీ నమ్ముతాను. బహుశా నన్ను నేను మోసం చేసుకుంటున్నానేమో.

తప్పు నాదేనని, బాబాయిని మళ్ళీ పనిలోకి తీసుకోమని ఆఫీసుకి ఉత్తరం రాశాను. జాబితా అయిపోయింది, ఖాళీ లేదన్నారు. రెండోసారి రాస్తే జవాబే లేదు.

ఆదివారం

ఉత్తరం నకలు పట్టుకుని బాబాయి ఇంటికి వెళ్ళాను. మా ఇంటికి నాలుగు సందుల అవతలే, అయినా ఆయన్ని పంపేసినప్పటి నుంచి ఆ గుమ్మం తొక్కలేదు. ఆయన భార్య మరియమ్మ పిన్ని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. బాబాయి మంచం మీద కూర్చుని భుజానికి వేడి నీళ్ళ కాపడం పెట్టుకుంటున్నాడు. నిలబడే మొత్తం చెప్పేశాను.

"గుడ్డ ఎలిసిపోనాదా?" అన్నాడు ఆయన.

"అవును బాబాయి."

"నువ్వే ఉతికినావా?"

"నేనే."

"మరి నాను కళ్ళెందుకు మూసుకునీవోణ్ణో నీకు తెల్దేటి?"

"తెలుసు."

పిన్ని చేట కింద పెట్టింది. "తెలిసే రాసినావా పాపా?" అంది.

నేను ఏడ్చాను. వాళ్ళెవరూ ఊరుకోమనలేదు. ఊరుకోమనాల్సిన పని వాళ్ళకి లేదు కూడా. కాసేపయ్యాక ఉత్తరం చాపి, ఆఫీసుకి రాశాననీ మళ్ళీ రాస్తాననీ అన్నాను. ఆయన దాన్ని అందుకోలేదు.

"ఉద్దోగం నువ్వు తేనేవు, అది నాకూ తెలుసు. గోడౌన్ల కాడికి కాపలా పనికని ఎల్తే, ఈడు నిద్దరోతాడంట అని మనోళ్ళే సెప్పేసినారు. సర్చిలో కూడా ఎవులి మొకమూ సూడలేక ఎనక బెంచీలో కూసుంతన్నాను. కాయితం నాకొద్దు, నాకు సదవడం రాదు. ఆదివారం సాచ్చాలప్పుడు లేసి నోటితో సెప్పు."

మా తెలుగు చర్చిలో ప్రసంగం అయ్యాక సాక్ష్యాలుంటాయి. ఎవరైనా లేచి తమకి జరిగింది అందరి ముందూ చెప్పుకోవచ్చు. జ్వరం తగ్గిందనో, కొడుక్కి పని దొరికిందనో చెబుతారు. ఎవరూ తాము చేసిన అన్యాయం గురించి చెప్పగా నేను వినలేదు. మా నాన్నకి ముందే చెప్పాను. దానియేలు నిద్రపోయాడని నా మాట నమ్మి నలుగురికీ చెప్పింది ఆయనే. ఆదివారం దాకా ఆయన నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత నేను ఎన్నో సభల్లో మాట్లాడాను. ఆ ఆదివారం భయపడ్డట్టు ఎక్కడా భయపడలేదు. రేవు కూలీలు, వాళ్ళ భార్యలు, రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చిన కుటుంబాలు, అందరూ నావైపు తిరిగారు. చేప తలలో నువ్వుగింజంత గ్రంథి ఉంటుందని మొదలుపెట్టాను. దానికి చీకట్లోనే ఒక మందు తయారుచెయ్యడం వచ్చని, సన్నటి వెలుతురు తగిలినా ఆపేస్తుందని చెప్పాను. ఆ వెలుతురు తగలకుండా కాపాడడమే దానియేలు బాబాయి పనని, నేను ఎర్రగుడ్డ ఉతికి రంగు పోగొట్టానని, పాడుచేసింది నేనేనని చెప్పాను. ఓడ అడుక్కి దిగే ముందు మీరంతా కళ్ళు ఎందుకు మూసుకుంటారో ఆయనా అందుకే మూసుకున్నాడని, అది తెలిసుండీ నిద్ర అని అర్థమయ్యేటట్టు రాసిచ్చానని చెప్పాను. నా భయం కొద్దీ ఆయన ఉద్యోగం తీసేయించానని కూడా అన్నాను.

మా నాన్న తల దించుకున్నాడు. ముందు వరసలో కూర్చున్న సారమ్మ మామ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "ఇదంతా నాకు బోధపళ్ళేదు గానీ, అయితే దానియేలు నిద్దరోనేదా?" అని అడిగింది.

"లేదు మామ్మా. ఒక్కనాడు కూడా నిద్రపోలేదు. నేను తప్పు రాశాను."

అప్పుడు వెనక బెంచీ చప్పుడైంది. బాబాయి లేచి నిలబడ్డాడు. నొప్పి భుజాన్ని ఇంకో చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఇక్కడికి ఇనబళ్ళేదు పాపా. ఇంకోపాలి సెప్పు" అన్నాడు.

నేను మళ్ళీ చెప్పాను, గట్టిగా.